మాయ సహజంగా పడాలా, ఇంజెక్షన్ ఇచ్చి తీయించుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్పుకి ముందు జరిగే క్లాసుల్లో నొప్పుల గురించి గంటసేపు అడుగుతారు. బిడ్డ బయటికొచ్చాక జరిగే అరగంట గురించి అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నలు తర్వాత వస్తాయి, ఫోన్‌లో, రాత్రి పదకొండింటికి. లేబర్ రూమ్‌లో నర్సుగా చేస్తూ ఈ క్లాసులు చెప్తుంటాను కాబట్టి ఒకే సందేహానికి ఒక్కో వారంలో మూడుసార్లు జవాబు చెప్పిన రోజులున్నాయి. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మీ రిపోర్టులు చూసిన డాక్టర్ వేరేలా చెప్తే ఆ మాటే వినండి.

## కాన్పుకి ముందు, ఆలోచించుకునేటప్పుడు

బిడ్డ పుట్టేశాక ఇంకా ఏం మిగిలి ఉంటుంది?

మాయ. కొన్ని ఊళ్లలో మావి అంటారు. తొమ్మిది నెలలు బిడ్డకి అన్నం, గాలి అందించింది అదే. నెలలు నిండేసరికి సుమారు అరకిలో బరువు, చిన్న పళ్లెమంత వెడల్పు ఉంటుంది. బిడ్డ వచ్చాక గర్భసంచి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. మాయ ముడుచుకోలేదు కాబట్టి గోడ నుంచి ఊడి వస్తుంది. అది అంటుకున్న చోట తెరుచుకున్న రక్తనాళాల్ని గర్భసంచి కండరాలే పిండినట్టు బిగించి మూసేస్తాయి. ఆ బిగింపు సరిగా లేకపోతేనే బ్లీడింగ్ ఎక్కువవుతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం వెళ్తుంటుంది. ఈ కాస్త సమయం గురించి మేం అంత పట్టుగా ఉండటానికి కారణం అదే.

రెండు పద్ధతులకీ అసలు తేడా ఏంటి?

సహజ పద్ధతిలో మందు ఇవ్వరు. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా కోయరు, లాగరు. బిడ్డని గుండెల మీద పెట్టుకుని ఉంటారు, మళ్లీ నొప్పి వచ్చినప్పుడు మీరే ముక్కి మాయని బయటికి పంపిస్తారు. ఇంజెక్షన్ పద్ధతిలో బిడ్డ పుట్టిన నిమిషంలోపు గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ అనే మందు 10 యూనిట్లు వేస్తారు. తర్వాత బొడ్డుతాడుకి క్లిప్ (క్లాంప్) పెట్టి కోసి, గర్భసంచి గట్టిపడ్డాక తాడుని నిదానంగా లాగి మాయ తీస్తారు. మొదటిదానికి గంటదాకా పట్టొచ్చు. రెండోది చాలాసార్లు పది నిమిషాల్లోపే అయిపోతుంది.

మన దగ్గర ఈ ఛాయిస్ నిజంగా ఇస్తారా? మా డాక్టర్ అసలు అడగనే లేదు.

అడగకపోవడమే మామూలు. ఆంధ్రలో అయినా తెలంగాణలో అయినా, పీహెచ్‌సీ నుంచి కార్పొరేట్ ఆసుపత్రి దాకా, మామూలు కాన్పు అయిన ప్రతి తల్లికీ ఇంజెక్షన్ వేయడమే పద్ధతి. దేశం మొత్తం మీద తల్లుల మరణాలకి పెద్ద కారణాల్లో కాన్పు తర్వాత రక్తస్రావం ఒకటి కాబట్టి ప్రభుత్వ మార్గదర్శకాలూ అలాగే ఉన్నాయి. ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. చెప్పకుండా వేయడంతోనే పేచీ. "అమ్మా, బ్లీడింగ్ తగ్గడానికి తొడకి ఇంజెక్షన్ వేస్తున్నా" అనడానికి రెండు సెకన్లు పడుతుంది. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ, అంటే నర్సులకి కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ, మొదలైంది. అలా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు ఉన్నచోట ఈ మాటలు మాట్లాడటం కాస్త తేలిక.

నేను లండన్‌లో ఉంటాను. మిడ్‌వైఫ్ "ఏది కావాలి" అని అడిగింది. ఇండియాలో అమ్మకి చెప్తే "అదేంటి, నిన్నడగడమేంటి" అంటోంది. ఏం చెప్పాలి?

అమ్మ ఆశ్చర్యం న్యాయమే, ఆవిడ కాలంలో ఎవరూ అడగలేదు. బ్రిటన్‌లో జాతీయ మార్గదర్శకాల ప్రకారం రెండు పద్ధతుల గురించీ ముందే వివరించాలి. బ్లీడింగ్ తక్కువ కాబట్టి ఇంజెక్షన్ పద్ధతి మంచిదని చెప్పాలి. అయినా ఇబ్బందులేమీ లేని తల్లి సహజంగా కావాలంటే ఆ కోరికకి తోడుండాలి. కాబట్టి మీ మిడ్‌వైఫ్ బాధ్యత మీ మీదికి నెట్టడం లేదు. మీ హిమోగ్లోబిన్ ఎంతో, పాత కాన్పులో బ్లీడింగ్ అయిందో లేదో ఆమెకి చెప్పి, తర్వాత తేల్చుకోండి. బర్త్ ప్లాన్‌లో (కాన్పు ఎలా జరగాలో ముందే రాసిచ్చే కాగితంలో) రాసినంత మాత్రాన దానికే కట్టుబడాలని లేదు.

అంకెల్లో చెప్పండి. తేడా ఎంత?

బ్రిటన్‌లో 2014 నాటి మార్గదర్శకాల్లో తల్లులకి చెప్పమని ఇచ్చిన లెక్క ఇది. లీటరుకి పైగా రక్తం పోయేది సహజ పద్ధతిలో 1000 మందిలో 29 మందికి, ఇంజెక్షన్ పద్ధతిలో 13 మందికి. రక్తం ఎక్కించాల్సి వచ్చేది 40 మందికి, 14 మందికి. వాంతులు, వికారం మాత్రం తిరగబడతాయి: సహజంగా అయితే 50 మందికి, ఇంజెక్షన్‌తో 100 మందికి. రెండు పద్ధతులూ బాగా తెలిసిన మిడ్‌వైఫ్‌లతో ఇంగ్లాండ్‌లోని హించింగ్‌బ్రూక్‌లో జరిపి 1998లో ప్రచురించిన అధ్యయనంలో అర లీటరు, ఆపైన పోయినవాళ్లు సహజ పద్ధతిలో 16.5 శాతం, ఇంజెక్షన్ పద్ధతిలో 6.8 శాతం.

ఈ అంకెల్ని రెండువైపుల నుంచీ చదవొచ్చు. సహజ పద్ధతిలోనూ వెయ్యిలో 971 మందికి లీటరు దాటలేదు. అయితే హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆమెకి పోయిన లీటరూ, 8 ఉన్న ఆమెకి పోయిన లీటరూ ఒకటి కావు.

నాకు హిమోగ్లోబిన్ 9 ఉంది. సహజంగా ప్రయత్నించొచ్చా?

వద్దు. ఇక్కడ నేను నీళ్లు నమలను. గర్భిణికి 11 కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది, మన రెండు రాష్ట్రాల్లోనూ సగం దాటింది. ఇంకొకరు ఓర్చుకునే బ్లీడింగ్‌కి రక్తం తక్కువున్న మనిషి కళ్లు తిరిగి పడిపోతుంది. ఇంజెక్షన్ వేయించుకోండి, ఇప్పటి నుంచే ఐరన్ మాత్రలు టీతో కాకుండా వేసుకోండి. నెలలు దగ్గరపడ్డా అంకె పెరగకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి డాక్టర్‌ని అడగండి.

ఇంకా ఎవరికి సహజ పద్ధతి వద్దంటారు?

గత కాన్పులో బ్లీడింగ్ ఎక్కువైనవాళ్లు, మాయ పడక చేత్తో తీయించుకున్నవాళ్లు, కవలలున్నవాళ్లు, ఉమ్మనీరు మరీ ఎక్కువున్నవాళ్లు, బిడ్డ బాగా పెద్దదని స్కాన్‌లో తేలినవాళ్లు, బీపీ పెరిగినవాళ్లు, గర్భసంచిలో పెద్ద గడ్డలున్నవాళ్లు, రక్తం గడ్డకట్టే విషయంలో సమస్య ఉన్నవాళ్లు. వీళ్లు కాక, అప్పటికప్పుడు మారేవాళ్లు ఇంకో గుంపు. నొప్పులు రావడానికి డ్రిప్ పెట్టినా, నొప్పులు రోజంతా సాగినా, వాక్యూమ్ వేసి బిడ్డని తీసినా గర్భసంచి అలసిపోయి ఉంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు.

సిజేరియన్ అయితే?

ఎంచుకోవడానికేమీ ఉండదు. కడుపు తెరిచి ఉండగానే మందు ఇచ్చి, ఆ కోత నుంచే మాయ తీస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అంటే ఈ పేజీ చదువుతున్న చాలామందికి ఈ ప్రశ్నే రాకపోవచ్చు.

ఇంజెక్షన్ తీసుకుంటే బొడ్డుతాడు వెంటనే కోసేస్తారా? బిడ్డకి రక్తం అందదేమో అని సహజ పద్ధతి అడుగుదామనుకుంటున్నా.

నాకు వచ్చే ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చాలామంది అక్కచెల్లెళ్లు బిడ్డ కోసం ఇంజెక్షన్ వద్దనుకుంటారు. అలా వదులుకోవాల్సిన పనే లేదు. ఒకప్పుడు ఇంజెక్షన్, వెంటనే తాడు కోయడం, లాగడం, మూడూ ఒకే కట్టగా వచ్చేవి. ఇప్పుడా కట్ట విప్పేశారు. ఇంజెక్షన్ వేశాక కూడా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి తాడు కోయమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, మన ప్రభుత్వ పద్ధతీ అదే. ఆ కాసేపట్లో బిడ్డకి 80 నుంచి 100 మి.లీ. దాకా రక్తం వెళ్తుంది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం పావు లీటరు మాత్రమేనని గుర్తుంటే ఇది ఎంతో తెలుస్తుంది. తర్వాతి నెలల్లో ఐరన్ నిల్వలకి అది పనికొస్తుంది. పసిరికలు (కామెర్లు) కాస్త ఎక్కువయ్యే అవకాశం ఉంది, లైట్ కింద పెట్టే చికిత్సకి అది తగ్గిపోతుంది.

తాడు లాగడం గురించి కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద ఎత్తున చేయించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంజెక్షన్ వేశాక తాడు లాగినా లాగకపోయినా తీవ్రమైన బ్లీడింగ్‌లో పెద్ద తేడా రాలేదు. పని చేసేది మందే. కాబట్టి "ఇంజెక్షన్ వేయండి, తాడు కోయడానికి ఆగండి, బిడ్డని నా మీదే ఉంచండి" అని అడగొచ్చు. నా మొదటి కాన్పులో ఈ మాట నేనే అడగలేకపోయాను. నర్సునై ఉండి కూడా. బిడ్డ ఏడ్చిందో లేదో, తాడు కోసి పక్కగదికి తీసుకెళ్లిపోయారు.

మరి బొడ్డుతాడు రక్తం దాచిపెట్టే కార్డ్ బ్లడ్ బ్యాంకుకి డబ్బులు కట్టాం, ఎలా?

తాడులోని రక్తం బిడ్డకి వెళ్తే బ్యాగులోకి తక్కువ వస్తుంది, బ్యాగులోకి వెళ్తే బిడ్డకి తక్కువ వెళ్తుంది. ప్యాకేజీ అమ్మేవాళ్లు ఈ ముక్క గట్టిగా చెప్పరు. ఇంట్లో ఎవరికైనా తలసేమియా లాంటి జబ్బు ఉండి డాక్టర్ చెప్తే తప్ప, ఆ రక్తం బిడ్డకే పోనివ్వమంటాను.

## కాన్పు గదిలో

ఆ ఇంజెక్షన్ నొప్పులకి పెట్టే డ్రిప్‌లోదేనా?

మందు అదే, ఆక్సిటోసిన్. మన ఒంట్లో నొప్పులు తెప్పించే హార్మోన్‌కి తయారుచేసిన రూపం. డ్రిప్‌లో చుక్కలుగా వెళ్తుంది, ఇక్కడ ఒకేసారి తొడ కండకి వేస్తారు. రెండు మూడు నిమిషాల్లో పని మొదలవుతుంది. ఈ మందుని ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. మన మే నెల ఎండల్లో బల్ల మీద పడేసిన ఆంప్యూల్ మీద నాకు నమ్మకం ఉండదు.

నాకు బీపీ ఉంది. వేయొచ్చా?

ఆక్సిటోసిన్ వేయొచ్చు. మెథర్జిన్ అనే ఇంకో మందు ఉంది, అది బీపీని పెంచుతుంది, కాబట్టి మీకు వద్దు. డ్యూటీ మారినప్పుడు కొత్తగా వచ్చిన సిస్టర్‌కి "నాకు బీపీ ఉంది" అని మీరే ఒకసారి చెప్పండి. కేస్ షీట్‌లో ఉన్నా సరే చెప్పండి.

తాడు పట్టుకుని లాగుతారంటే భయమేస్తోంది. తెగిపోతే?

ఊరికే పట్టుకుని లాగితే ప్రమాదమే. తాడు తెగొచ్చు, అరుదుగా గర్భసంచే తిరగబడి బయటికి రావొచ్చు. అందుకే ఆ పనికో వరస ఉంది. ముందు గర్భసంచి గట్టిపడిందా అని కడుపు మీద చెయ్యి వేసి చూస్తాం. తర్వాత ఎడమ చెయ్యి పొత్తికడుపు కింద ఎముక పైన పెట్టి గర్భసంచిని పైకి ఆపుతూ, కుడి చేత్తో క్లాంప్ పట్టుకుని కిందికి నిదానంగా, ఎక్కడా జర్క్ లేకుండా లాగుతాం. మాయ కదలకపోతే వదిలేసి మళ్లీ నొప్పి వచ్చేదాకా ఆగుతాం. మందు వేయకుండా మాత్రం తాడు లాగకూడదు.

మాయ విడిపోయిందని మీకెలా తెలుస్తుంది?

తాడుకి పెట్టిన క్లాంప్ చెప్తుంది. ఎవరూ ముట్టుకోకుండానే అది ఒక్కసారిగా కాస్త కిందికి జారుతుంది. దాంతోపాటే కొంచెం రక్తం గబుక్కున వస్తుంది. అప్పటిదాకా వెడల్పుగా ఉన్న గర్భసంచి బొడ్డు దగ్గర గుండ్రంగా, గట్టిగా తగులుతుంది. కొత్తగా చేరిన నర్సులు ఆ రక్తం చూసి కంగారుపడతారు. క్లాంప్ వైపు చూడమంటాను.

నొప్పి ఉంటుందా?

బిడ్డ నొప్పులతో పోలిస్తే లెక్కలోది కాదు. మాయకి ఎముకలు లేవు, మెత్తగా జారుతుంది. కడుపు మీద నొక్కి చూసినప్పుడే చాలామంది అరుస్తారు. అలా చూడటం తప్పదు కానీ, చెప్పి చేయమని మీరు అడగొచ్చు.

సహజంగా అంటే ఎంతసేపు ఆగుతారు? మధ్యలో మనసు మారితే?

గంట. అప్పటికీ పడకపోయినా, బ్లీడింగ్ పెరిగినా, మీకే ఓపిక లేక "ఇక చాలు" అన్నా ఇంజెక్షన్ వేసేస్తారు. సహజం నుంచి ఇంజెక్షన్‌కి ఎప్పుడైనా మారొచ్చు. వేశాక వెనక్కి రావడం కుదరదు. ఆ గంట వెచ్చగా ఉండండి, ఏసీ తగ్గించమనండి, బిడ్డని ఒంటికి ఆనించుకోండి. నిటారుగా కూర్చున్నా, గొంతుక్కూర్చున్నా కిందికి బరువు సాయపడుతుంది. ముందుగా మూత్రం పోసేయండి. నిండిన మూత్రసంచి గర్భసంచిని ముడుచుకోనివ్వదు. ఎంతోసేపు కదలని మాయ బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక పడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

బిడ్డకి పాలు పట్టిస్తే ఇంజెక్షన్ పని అదే చేస్తుంది కదా?

కొంతవరకు. బిడ్డ చప్పరించినప్పుడు ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలవుతుంది, గర్భసంచి బిగుస్తుంది. ముర్రుపాలు ఎలాగూ మొదటి గంటలోనే పట్టాలి. దాన్నే ఇంజెక్షన్‌కి బదులుగా లెక్కపెట్టుకోవద్దు. కొందరు బిడ్డలు అరగంట కళ్లు తెరిచి చూస్తూ పడుకుంటారు తప్ప నోరు తెరవరు.

మా నాయనమ్మ "జడ నోట్లో పెట్టుకుంటే మాయ పడిపోతుంది" అంటుంది. నిజమా?

పాతకాలం మంత్రసానులు చేసేవారు. వాంతి వచ్చినట్టు అయితే కడుపు కండరాలు బిగుస్తాయి, అప్పటికే ఊడిన మాయ జారి వస్తుంది. అంతవరకు నాయనమ్మ చూసింది నిజమే. ఊడని మాయని అది ఊడగొట్టదు, పైగా తిన్నది శ్వాసనాళంలోకి పోవచ్చు. నాయనమ్మకి నవ్వుతూ సరేనని, మీరు ముక్కండి చాలు.

ఇంజెక్షన్ వేసి అరగంటైనా మాయ పడలేదు. తర్వాత ఏం చేస్తారు?

అరగంట దాటితే మాయ నిలిచిపోయిందంటాం. మూత్రం తీసేస్తారు, సెలైన్ పెడతారు, రక్తం సిద్ధం చేయమంటారు. అప్పటికీ రాకపోతే థియేటర్‌కి తీసుకెళ్లి, మత్తిచ్చి చేత్తో తీస్తారు, యాంటీబయాటిక్ ఇస్తారు. ఊరి పీహెచ్‌సీలో కాన్పయితే ఈ దశలోనే 108 ఎక్కించి పెద్దాసుపత్రికి పంపుతారు. పాత సిజేరియన్ మచ్చ మీద మాయ అంటుకుని లోపలికి వేళ్లూనుకుపోతే అది వేరే కథ, చాలావరకు ముందే స్కాన్‌లో అనుమానిస్తారు. ఎన్ని సిజేరియన్లయితే ఆ ప్రమాదం అంత పెరుగుతుంది.

బ్లీడింగ్ ఎక్కువని ఎలా లెక్కేస్తారు? కళ్లతో చూసేనా?

చాలాచోట్ల ఇప్పటికీ కళ్లతోనే, చిక్కంతా అక్కడే ఉంది. అర లీటరు అంటే ఒక పాల ప్యాకెట్. అదే దుప్పట్లోకి, దూదిలోకి, నేల మీదికి పోతే పావు లీటరులా కనిపిస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో జరిగి 2023లో వెలువడిన పెద్ద అధ్యయనంలో తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచారు. గీత దాటగానే గర్భసంచి మసాజ్, గర్భసంచిని బిగించే మందులు, రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష, అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్రమైన రక్తస్రావం, దాని తాలూకు ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. మీ ఆసుపత్రిలో ఆ సంచి వాడతారా అని ముందే అడగండి.

## మాయ పడ్డాక, ఇంటికొచ్చాక

మాయ మొత్తం వచ్చిందని ఎలా తెలుసుకుంటారు?

ట్రేలో పరిచి చూస్తాం. బిడ్డ వైపు నున్నగా, మెరుస్తూ, తాడు నుంచి చెట్టు కొమ్మల్లా రక్తనాళాలు పాకి ఉంటాయి. తిరగేస్తే తల్లి వైపు ముదురు ఎరుపు, పదిహేను ఇరవై ముక్కలు పక్కపక్కన అతికినట్టుంటుంది. రెండు చేతులతో దగ్గరికి చేర్చితే ఆ ముక్కలు ఖాళీ లేకుండా కలవాలి. ఎక్కడైనా గుంట కనిపిస్తే ఆ ముక్క లోపలే ఉందని అనుమానం. తర్వాత పొరల్ని ఎత్తి పట్టుకుని, చిరిగిన చోటు ఉందా అని చూస్తాం. తాడు కోసిన చోట మూడు రంధ్రాలుండాలి. చూడాలనిపిస్తే అడగండి, చూపిస్తాం. ఒకామె అత్తగారిని కూడా పిలిచి చూపించమంది. నలుగురిని కన్న ఆ పెద్దావిడ తన మాయ ఎలా ఉంటుందో ఆ రోజే మొదటిసారి చూసింది.

పెరట్లో పాతిపెట్టే ఆనవాయితీ ఉంది. మాయ ఇంటికి ఇస్తారా?

చాలా ఆసుపత్రులు ఇవ్వవు. 2016 బయో మెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం అది పసుపు సంచిలోకి వెళ్తుంది. మీ ఇంట్లో ఇది పట్టింపు అయితే కాన్పు రోజు గొడవ పడకుండా చేరేముందే మాట్లాడుకోండి.

నాది నెగటివ్ గ్రూప్. పద్ధతి మారుతుందా?

మారదు. బొడ్డుతాడు నుంచి కొంచెం రక్తం తీసి బిడ్డ గ్రూపు చూస్తారు. బిడ్డది పాజిటివ్ అయితే మీకు యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల్లోపు పడాలి. సహజంగా మాయ పడినా, మందుతో తీసినా ఇది తప్పదు.

పాలిచ్చేటప్పుడు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. మాయ ముక్క మిగిలిందా?

పాలిచ్చేటప్పుడే వచ్చి పోతుంటే గర్భసంచి ముడుచుకుంటోందని అర్థం. రెండో కాన్పు, మూడో కాన్పుల్లో ఇంకా గట్టిగా తెలుస్తుంది. దాంతోపాటు జ్వరం, దుర్వాసన, ఆగకుండా బ్లీడింగ్ ఉంటే మాత్రం ముక్క మిగిలిందేమో స్కాన్ చేసి చూడాలి.

ఇంటికొచ్చాక ఎంత బ్లీడింగ్ మామూలు? ఎప్పుడు పరిగెత్తాలి?

మొదటి రోజుల్లో ఎర్రగా, నెలసరి కన్నా కాస్త ఎక్కువ. తర్వాత గోధుమ రంగు, ఆపైన తెల్లగా మారుతూ నాలుగైదు వారాలు ఉంటుంది. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, లేవగానే కళ్లు తిరిగి చెమటలు పడుతున్నా, తగ్గిన బ్లీడింగ్ పదో రోజున మళ్లీ ఎర్రగా మొదలైనా 108కి ఫోన్ చేయండి. "పచ్చి బాలింత, బయటికి తీసుకెళ్లకూడదు" అని ఎవరైనా అన్నా ఆగొద్దు. వెళ్లేటప్పుడు తడిసిన ప్యాడ్లు పారేయకుండా ఒక కవర్లో వేసుకుని తీసుకురండి. ఎంత పోయిందో నోటితో చెప్పేదానికన్నా అవే మాకు బాగా చెప్తాయి.